రెండు మడత కుర్చీలు, నిండ ఏడాది వాడినంక రాస్తున్న

పోయినేడు సంక్రాంతి అయినంక కొన్న, మళ్ల సంక్రాంతి అయిపోయింది. కొన్న నాలుగు రోజులకే బాగుంది బాగలేదు అని రాసేటోళ్లు శానమంది ఉన్నరు గని ఇసొంటి వస్తువు సంగతి ఎండకు ఎండి, వానకు తడిసి, జాతరల దుమ్ము తిని, మనుమల కాళ్ల కింద పడి లేసినంకనే తెలుస్తది. అందుకే ఏడాది ఆగిన.

మాది నల్లగొండ. నాకు 66 ఏండ్లు, సాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గ చేసి రిటైర్ అయిన. మా ఇంటామెకు 61. ఆమెకు రెండు మోకాళ్లు అరిగినయి. డాక్టరు ఆపరేషన్ ఇప్పుడే ఒద్దమ్మా, రోజు జర నడువు, బరువు తగ్గు, కింద మాత్రం కూసోకు అన్నడు. మంచిగనే చెప్పిండు గని కింద కూసోకు అంటే మన దిక్కు ఎట్లయితది చెప్పుండ్రి. గుడి కాడ కిందనే, జాతర కాడ కిందనే, చేను కాడ గట్టు మీద కిందనే, బతుకమ్మ కాడ కిందనే, పెండ్లిల భోజనాలకు బల్లలు ఒచ్చినయి గని పోచమ్మ కాడ దావత్ అయితే ఇప్పటికి చాప మీదనే. ఆమె పది నిమిషాలు నడుస్తది, ఐదు నిమిషాలు కూసుంటే మళ్ల పది నిమిషాలు నడుస్తది. ఆ ఐదు నిమిషాలు కూసునే జాగ లేక రెండేండ్లు ఇల్లు దాటలె. నేను మోకాళ్ల వల్ల ఇంట్ల ఉంటుంది అనే అనుకున్న, అందరం గట్లనే అనుకున్నం. ఒకరోజు ఆమెనే అన్నది, "నేను నడుస్తనయ్యా, ఎక్కడ కూసోవాలె అని భయమైతది గంతే" అని. ఆ మాట విన్నంకనే కుర్చీల కోసం తిరుగుడు మొదలువెట్టిన.

ముందుగాల ఒక తప్పు కొనుగోలు చెప్పాలె, ఎందుకంటే ఎక్కువమంది ఇదే కొంటరు. ఆన్‌లైన్ల చిన్న స్టూలు ఒకటి తెప్పిచ్చిన, చేపలు పట్టేటోళ్లు కూసునే తీరుది, తేలికగ ఉన్నది, సంచిల పడుతది, ఫోటోల బ్రహ్మాండంగ కనపడ్డది. ఎత్తు చూడలె. ఇంటికొచ్చినంక టేపు పెడితే 11 అంగుళాలు. ఉదయసముద్రం కట్ట మీదికి తీస్కపోయి ఏస్తే ఆమె కూసుంది, పొద్దు గూకేదాక నీళ్ల మీద కొంగలను చూసుకుంట సంబురంగనే ఉన్నది, ఇగ లేద్దామంటే లేవలేకపోయింది. నేను ఒక రెక్క, దారిన పోయే పిలగాడు ఒకడు ఇంకో రెక్క పట్టి లేపినం. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నొప్పికి కాదు, ముక్కుమొఖం తెల్వని పిలగాడు లేపవట్టె అని. వాపస్ ఇద్దామంటే వాడినంక తీసుకోము అన్నరు. ఆ స్టూలు ఇప్పుడు మా కోడలు బట్టలు ఉతికే కాడ వాడుతది.

కాబట్టి మోకాళ్ల నొప్పులు ఉన్నోళ్లకు కొనేటోళ్లు రంగు చూడకుండ్రి, బరువు తర్వాత చూడుండ్రి, మొదలు ఎత్తు చూడుండ్రి. కూసుంటే తొడ భూమికి సమానంగ ఉండాలె, మోకాలు తుంటి కన్న పైకి పోవద్దు. మా ఇంటామె ఎత్తుకు 18 అంగుళాలు సరిపోయింది, ఇంట్ల ఆమె రోజు కూసునే కుర్చీ కొలిస్తే కూడ అంతే ఒచ్చింది. రెండోది చేతులు. కుర్చీకి పక్కల చేతులు ఉంటె వాటి మీద బలం పెట్టి తనంత తానే లేస్తది, లేకుంటె ఒకరు లేపాలె.

గడియారం సెంటర్ దిక్కు సామాన్ల షాపుల దొరికినయి ఇవి. ఒకటి చేతులు, ఈపు ఉన్న మడత కుర్చీ ఆమెకు, ఒకటి ఈపు లేని ఎత్తు స్టూలు నాకు. ఇనుప పైపు, నల్ల రంగు కోటింగు, కూసునే కాడ మందం గుడ్డ, కాళ్లకు రబ్బరు తొడుగులు, భుజానికి ఏసుకునే సంచి. రెండు కలిపి 1,900 అడిగిండు, 1,650కి ఇచ్చిండు. కుర్చీ రెండున్నర కిలోలు, స్టూలు కిలోన్నర, మా ఇంటి తక్కెడల నేనే జోకిన. బిల్లు ఇయ్యమంటే గీ దానికి బిల్లు ఎందుకు పెద్దాయనా అన్నడు, నేనూ ఊకున్న, అది తర్వాత బాధ పెట్టింది, చెప్త.

మొదలు చెర్వుగట్టు పోయినం. మాఘమాసంల జడల రామలింగేశ్వరస్వామి జాతర, మా పెండ్లి అయిన కొత్తల నుంచి ఏటా పోయేటోళ్లం, రెండేండ్లు తప్పిపోయింది. నార్కట్‌పల్లి దిక్కు పోయే బస్సు ఎక్కినం, ఆమెకు మహాలక్ష్మి జీరో టికెట్టు, నాకు పైసలు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల ఛార్జీ లేదు కదా, ఈ ఏడాది మేము ఇంత తిరిగినమంటే దానికి కూడ కొంత పుణ్యం ఉన్నది. గట్టు మీద జనం సంగతి తెలుసు కదా, ఇసుకేస్తే రాలరు. నేను ముందు పోయి గోడ పక్కన కుర్చీ ఏసుడు, ఆమె ఒచ్చి కూసునుడు, మళ్ల ముందుకు పోవుడు. గట్ల నాలుగు మజిలీలు చేస్కుంట దర్శనానికి పోయినం. గట్టు మీద మూడు గుండ్లని పెద్ద బండలుంటయి, అవి ఎక్కుడు ఈసారి ఆమెతోని కాలె, కింద కుర్చీల కూసోని పైకి చూసి దండం పెట్టుకున్నది. అగ్నిగుండాలు తొక్కేటోళ్లను చూసుకుంట "మా అమ్మ తొక్కేది" అని పక్కన కూసున్న ముసలమ్మకు చెప్తుంటె నేను ఇన్న, నలభై ఏండ్ల కాపురంల ఆ సంగతి నాకు తెల్వదు. కూసుంటె ఒచ్చే మాటలు వేరే ఉంటయి.

అక్కడనే ఒక సంగతి చూసిన. కుర్చీ ఏసినంక చుట్టు పక్కల పెద్దోళ్లు ఒక్కొక్కలు ఒచ్చి "జర కూసోనా అమ్మా" అని అడుగుడు మొదలాయె. ఆమె లేసి ఇచ్చింది, నా స్టూలు కూడ ఇచ్చింది. ఒకాయన జర లావు ఉన్నడు, కూసుంటే పైపు కిర్రుమన్నది, నా పానం గుబుక్కుమన్నది గని ఏం కాలె. వంద కిలోలు మోస్తది అన్నడు షాపాయన, ఆ మాట నిజమే ఉన్నట్టుంది.

శివరాత్రికి పానగల్లు పోయినం, మా ఇంటి కాడికెల్లి ఆటోల పోయేంత దగ్గర. ఛాయా సోమేశ్వరుని గుడి, కందూరు చోళుల కాలందంటరు, మూడు గర్భగుళ్లు ఉంటయి, ఒకదాంట్ల పొద్దంత ఒకటే స్తంభం నీడ కదలకుండ పడుతది. బయట పొద్దు తూర్పు నుంచి పడమరకు పోతనే ఉంటది, నీడ మాత్రం ఆడనే. ఒక్క స్తంభానిదే అనిపిస్తది గని వేరే వేరే స్తంభాల పక్కలకెల్లి ఒచ్చే వెలుతురు కలిసి అట్ల కనపడుతదని సైన్సు చదివినోళ్లు చెప్తరు. చిన్నప్పటి నుంచి చూస్తున్న గుడి, ఎన్నడు పొద్దంత ఉండి చూడలె. ఈసారి ఉపవాసంల పొద్దుగాల పోయి బయట చెట్టు కింద కుర్చీలేసుకోని, గంటకోసారి లోపలికి పోయి నీడ చూసొచ్చినం. పక్క ఊరు గుడి చూడనీకె అరవై ఏండ్లు పట్టింది మాకు. గుడి లోపలికి మాత్రం కుర్చీ తీస్కపోలె, ఎవ్వరు ఒద్దనలె గని మా ఇంటామెకు మనసొప్పలె, దేవుని ముందల కుర్చీ ఏసుకునుడు ఏంది అన్నది.

మట్టి మీద, బండ మీద ఈ కుర్చీ మంచిగ నిలవడుతది. ఇసుకల మాత్రం పనికిరాదు. వాడపల్లి పోయినప్పుడు, అక్కడ మూసి ఒచ్చి కృష్ణల కలుస్తది కదా, నీళ్ల దగ్గర మెత్తటి జాగల ఏస్తే ఒక కాలు దిగవడి ఆమె పక్కకు ఒరిగింది, నేను పట్టుకున్న కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చినంక కాళ్ల కింద ఎడల్పుగ ఏమన్న పెట్టాలె అని మోచీ కాడికి పోయిన. ఆయన పాత చెప్పుల సోలు ముక్కలు కోసి కొడ్త అన్నడు. ఆ మాట ఇంట్ల చెప్తే ఆమె ఇంతెత్తు లేసింది, గుడి కాడికి తీస్కపోయే కుర్చీకి చెప్పు ముక్కలు కొట్టిస్తవా అని. ఆమె మాట కరెక్టే, నాకు తట్టలె. పాత సైకిల్ టైరు ముక్కలు, అరచేయంత ఎడల్పువి నాలుగు కోసి పెట్టిచ్చిన. అప్పటి నుంచి పొలం బురదల కూడ దిగవడలె. కంపెనోడు ఇదే ముందుగాల ఎడల్పు రబ్బరు ఇస్తే ఏం పోయేది.

చైత్ర పున్నమికి సలేశ్వరం. నల్లమల అడవిల ఉన్న లింగమయ్య జాతర, ఏడాదిల ఆ కొద్ది రోజులే లోపలికి ఒదుల్తరు. ఇది మా ఇంటామెతోని అయ్యేది కాదు, బండ్లు ఆగినంక రాళ్ల దారిల శాన దూరం నడిచి లోయలకు దిగాలె. నేను, మా కొడుకు పోయినం. స్టూలు భుజానికి ఏసుకోని పోయిన, అది చేసిన తెలివితక్కువ పని. దిగే కాడ ఒకరి ఎనుక ఒకరు అంగుళం అంగుళం జరుగుతుంటరు, స్టూలు పైపు ఎనుకాయనకు తాకుతనే ఉన్నది, ఒస్తున్నం లింగమయ్యా అని అందరు అరుసుడు, నేను ఎనుకకు తిరిగి తప్పయింది అన్నా అనుడు. అక్కడ బండలే కుర్చీలు. ఇసొంటి కాడికి తీస్కపోకుండ్రి. గుహల లింగం ముందల ఆమె పేరు చెప్పి దండం పెట్టుకోని, పై నుంచి పడే ఆ నీళ్లు ఒక సీసల పట్టుకొచ్చిన. ఆమె ఆ సీస ఇంక దేవుని అర్రల పెట్టుకుంది.

ఎండకాలం మనుమలు దిగిండ్రు, కొడుకు పిల్లలు ఇద్దరు, బిడ్డ పిల్ల ఒకతి. మాకు ఊరి కాడ రెండెకరాల బత్తాయి తోట ఉన్నది, పొద్దుగాల ఐదింటికి పోయి ఎనిమిదికి ఒచ్చేటోళ్లం. నేను పాదులకు నీళ్లు మళ్లేస్తుంటె ఆమె చెట్టు కింద కుర్చీల కూసోని పిల్లలకు ఉడుతను, పిట్టగూడును, చీమల పుట్టను చూపిచ్చేది. పిల్లలకు ఆ కుర్చీ సింహాసనం అయింది, నాయినమ్మ లేస్తే చాలు దూకి ఎక్కుడు. చిన్నోడు ఒకసారి మడత కాడ వేలు పెట్టిండు, కత్తెర తీరు మూసుకునే జాగ అది, వేలు నలిగి నల్లగయింది. పిల్లలున్నోళ్లు ఇది రాసి పెట్టుకోండ్రి. మడత దగ్గర ఏ తొడుగు లేదు, మడిచేది, ఇప్పేది పెద్దోళ్లే చెయ్యాలె. ఇది ఈ కుర్చీకి పెద్ద మైనస్ అని నేనంట.

బిడ్డను మహబూబ్‌నగర్ ఇచ్చినం. వాళ్లింటికి పోయినప్పుడు పిల్లలను తీస్కోని పిల్లలమర్రి పోయినం. 700 ఏండ్ల మర్రి అంటరు, మూడెకరాలకు పైనే పాకింది. 2017 డిసెంబరుల పెద్ద కొమ్మ ఒకటి ఇరిగి పడ్డది, చెదలు పట్టిందని తర్వాత ఏడు మనుషులకు ఎక్కిచ్చినట్టు సెలైన్ సీసలు కట్టి మందు ఎక్కిచ్చి బతికిచ్చుకున్నరు. చెట్టుకు జర దూరంల కుర్చీలేసుకోని కూసోని ఈ ముచ్చట చెప్తే మనుమరాలు అన్నది, "తాతా, చెట్టుకు కూడ నాయినమ్మ తీరు మోకాళ్లు నొస్తున్నయా, కింద కర్రలు పెట్టిన్రు" అని. ఇరగకుండ కొమ్మలకు ఊతాలు ఇచ్చిండ్రు కదా, దాన్ని చూసి అన్నది. మా ఇంటామె ఆ పిల్లను దగ్గరికి తీసుకోని శానసేపు ఇడిశిపెట్టలె.

వానకాలం సాగర్. ఇది నాది. నా ఉద్యోగం అంత ఆ నీళ్ల మీదనే గడిచింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి ఏసిండు, 1967ల ఇందిరమ్మ కాలువలకు నీళ్లు ఇడిసింది, మా నాయిన ఆ నీళ్లు ఒచ్చినంకనే జొన్న ఇడిసి వరి ఏసిండు. 590 అడుగులు నిండవట్టె, గేట్లు ఎత్తుతున్నరు అంటే ఇంట్ల ఉండబుద్ధి కాదు. 26 గేట్లు. దూరంగ రోడ్డు పక్కకు కుర్చీలేసుకోని చూసినం, తెల్లగ పొగ తీరు లేస్తది నీళ్లు, ఆ తుంపర్లు గాలికి మా మీద దాక ఒచ్చినయి. రిటైర్ అయినంక ఆమెతోని కలిసి చూసుడు అదే మొదలు, నేను ఏ గేటు ఎట్ల లేస్తదో చెప్తుంటె ఆమె జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ఇప్పింది. గంటన్నర కూసున్నం. ఇంటికొచ్చినంక తడి తుడ్వకుండ సంచిల పెట్టిన, అది నా తప్పే, పది రోజులకు చూస్తే రివిట్ల కాడ తుప్పు. సాండ్ పేపరు పెట్టి గీకి, నల్ల పెయింటు ఏసి, కొబ్బరినూనె చుక్క పెట్టిన. తడిస్తే ఎండల ఆరబెట్టినంకనే మడవాలె.

బతుకమ్మ కాడనే ఈ కుర్చీ అసలు విలువ తెలిసింది నాకు. పెత్రమాస నాడు పొద్దుగాల గునుగు, తంగేడు కోసుకొద్దామని చెల్కలకు పోయినం, ఆమె కూసోని కట్టలు కట్టుడు, నేను కోసుడు. రెండేండ్లు కొన్న పువ్వుతోనే పేర్చింది, ఈసారి తన చేతి పువ్వు. సాయంత్రం మా గల్లి ఆడోళ్లందరు బతుకమ్మలు నడుమ పెట్టి చుట్టు తిరుగుతుంటె ఈమె పక్కకు కుర్చీల కూసోని చప్పట్లు కొడుతది అనుకున్న. రెండు సుట్లు తిరిగింది. ఒచ్చి కూసుంది. చీర కొంగుతోని మొఖం తుడుసుకోని, చేతుల మీద బలం పెట్టి లేసి మళ్ల పోయింది. మళ్ల రెండు సుట్లు. మళ్ల కూసుంది. నేను దూరంల నిలవడి చూస్తున్న, ఎవ్వరు లేపలె, ఎవ్వరి రెక్క పట్టలె. తొమ్మిది రోజులు గట్లనే ఆడింది. సద్దుల నాడు మలీద ముద్దలు పంచేటప్పుడు వాడకట్టు ముసలోళ్లు ఇంకో ముగ్గురు ఇంట్లకెల్లి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకోని ఈమె పక్కన ఏసుకున్నరు, వాళ్లు కూడ రెండు సుట్లు తిరుగుడు, కూసునుడు. ఆ ప్లాస్టిక్ కుర్చీలు ఇంట్ల ఎప్పటి నుంచో ఉన్నయి, వాళ్లు తేలె అంతే.

ఆ సద్దుల నాడే కుర్చీ కుడి పక్క కుట్టు ఊడింది. షాపుకు తీస్కపోతే కుట్టుకు గ్యారంటీ లేదు, అయినా మా కాడ కొన్నట్టు బిల్లేది అన్నడు. తొమ్మిది నెలలకే ఊడే కుట్టు ఏం కుట్టు. పైపు మంచిది ఏసి, గుడ్డ మంచిది ఏసి, దారం కాడ పది రూపాయలు మిగుల్చుకున్నరు. మళ్ల మోచీ కాడికే పోయిన. ఆయన పాత దారం అంత ఇప్పి, నైలాన్ దారంతోని రెండు వరుసలు కుట్టి, మూలలకు తోలు బిళ్లలు ఏసిండు, 80 రూపాయలు తీసుకున్నడు. ఇప్పుడు కొత్తదాని కన్న గట్టిగ ఉన్నది. మీరు కొంటే కొన్ననాడే మోచీ కాడ కుట్టిచ్చుకోండ్రి, ఊడేదాక ఆగకుండ్రి. బిల్లు మాత్రం అడిగి తీసుకోండ్రి.

కార్తీకంల వియ్యంకులతోని కురుమూర్తి పోయినం. కొండల నడుమ ఎంకన్న, జాతరల స్వామి ఉద్దాలు ఊరేగిస్తరు, ఉద్దాలంటే స్వామి పాదుకలు. వడ్డెమాన్‌ల తోలు పని చేసేటోళ్లు నిష్ఠతోని తయారు చేస్తరు వాటిని. ఆ ఉద్దాలు నెత్తికి ఆనిచ్చుకుంటుంటె నాకు కుర్చీకి తోలు బిళ్లలు ఏసిన మా మోచీ యాదికొచ్చిండు. చెప్పు ముక్క అని మా ఇంటామె వద్దన్నది, ఈడ అదే తోలును నెత్తి మీద పెట్టుకుంటున్నం. ఆమెకు చెప్తే ఊకుండి, "ఇంటికి పోయినంక ఆయనకు ప్రసాదం ఇచ్చి రా" అన్నది. ఇచ్చొచ్చిన.

మార్కులు అడిగితే కుర్చీకి ఐదుకు నాలుగు, కుట్టు మంచిగుంటె ఐదు ఇద్దును. ఈపు లేని స్టూలుకు రెండున్నర. గంట దాటితే నడుము పట్టుకుంటది, నేను తప్పు కొన్న, ఇద్దరికి కుర్చీలే తీసుకునుండె. తేలికది కావాలె అనేటోళ్లకు అల్యూమినియంవి ఉన్నయంట, రేటు ఎక్కువ, నేను వాడలె కాబట్టి చెప్పను. బస్సుల మాత్రం పైన పెట్టకుండ్రి, జారి ఒకరి మీద పడితే కష్టం, కాళ్ల నడుమ నిలవెట్టుకుంటె సరిపోతది.

నిన్న మా వియ్యపురాలు మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ చేసింది, వదినె కూసున్నసొంటిదే నాకొకటి పంపియ్యన్నయ్యా, మన్నెంకొండకు పోతం అని. ఆమె జర పొట్టి మనిషి, 18 అంగుళాలు ఎత్తయితది, ఇంట్ల కూసునే కుర్చీ కొలిచి చెప్పమన్న, 16 అన్నది. రేపు టేపు జేబుల పెట్టుకోని గడియారం సెంటర్ పోతున్న. నాకు కూడ ఈపు ఉన్నది ఒకటి తెచ్చుకుంట. చెర్వుగట్టు జాతరకు ఇంక వారం రోజులే ఉన్నది, ఈలోపల రెండింటికి మోచీ కాడ కుట్టు ఏపియ్యాలె.